నాచు పట్టిన వాలు
ఆ రోజు అండమాన్‌లో, జంగ్లీఘాట్ జెట్టీకి డింగీ కడుతున్నాం. జూన్ గాలి. అల ఎత్తి కొట్టింది. పడవ అంచుకీ సిమెంటు గోడకీ మధ్య నా కుడికాలు నలిగిపోయింది. మోకాలి పైదాకా తీసేశారు.

శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ వేటకు దిగిన మా నాన్న, ‘‘ప్రాణం దక్కింది, అదే చాలు’’ అన్నాడు. రాత్రయితే లేని కాలి బొటనవేలు ఎవరో మెలిపెట్టినట్టు నొప్పి. నొక్కుకుందామని చెయ్యి చాస్తే దుప్పటే తగిలేది.

కాలు పెట్టించుకోడానికి విశాఖ ఓడెక్కాను. ఓడ ఊగుతుంటే చంకకర్రలు నిలవవు. దొడ్డికి నేల మీద జరుక్కుంటూ పోయాను. ఈ ముక్క ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

జైపూర్ కాలు ఇచ్చారు. 1968లో రామచంద్ర శర్మ అనే చేతిపనివాడూ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రూపం ఇచ్చిన రబ్బరు పాదం అది. చెప్పు అక్కర్లేదు, తడికి చెడదు. పాదాన్ని నేనేమీ అనను. బాధంతా మోకాలితోనే. తాళం వేస్తే దుంగ, తీస్తే కుప్పకూలడం. నాచు పట్టిన జెట్టీ వాలు మీద కావలసింది ఆ రెండింటి మధ్యది. మూడుసార్లు పడ్డాను. పైగా ఇక్కడి ఉక్కకి సాకెట్ నిండా చెమట. మొండి ఒరుసుకుని పుండు పడితే వారం పాటు కాలు గోడకి, నేను మంచానికి.

తర్వాత చెన్నైలో ఒకచోట కంప్యూటర్ మోకాలు తొడిగి నడిపించారు. లోపల నూనె, అందులో సన్నటి ఇనుప రజను. తీగచుట్టలో కరెంటు పారితే అయస్కాంతశక్తి పుట్టి రెప్పపాటు కన్నా ముందే నూనె బిగుస్తుంది. కరెంటు తగ్గిస్తే మళ్లీ జారుతుంది. ఎంత బిగించాలో అడుగడుక్కీ చిప్ చూసుకుంటుంది. వాలు దిగుతుంటే మోచెయ్యి కింద ఎవరో చెయ్యి వేసినట్టే ఉంది. ధర లక్షల్లో చెప్పారు. ఉప్పునీళ్లలో దిగొచ్చా అని అడిగాను. దీంతో వద్దన్నారు. చార్జింగ్ కూడా పెట్టాలట. విప్పి ఇచ్చేశాను.

2022లో ఇస్రో తక్కువ ధరలో కంప్యూటర్ మోకాలు తయారుచేస్తున్నామని చెప్పింది, బరువు 1.6 కిలోలట. మా తమ్ముడు ఆ కబురు రెండుసార్లు చదివించుకున్నాడు. ఉప్పునీళ్ల సంగతి ఉందేమోనని వెతికాడు.

ఇప్పుడు వాడే వేటకు పోతున్నాడు. డింగీ రాగానే తాడు విసురుతాడు. కట్టేది నేనే, జెట్టీ అంచున కూర్చుని.