చెన్నూరు నుంచి శంషాబాద్ దాకా - ఇంకో తెర కథ

మా చెన్నూరు తెలుసుగా? మంచిర్యాల అవతల, గోదావరి ఉత్తరవాహినిగా పారే ఊరు. అక్కడ మాకు తెలిసిన తెర ఒక్కటే - సినిమా తెర! గుండెలు చిక్కబట్టుకుని చూడాల్సిన తెర ఇంకోటి ఉందని శంషాబాద్ వెళ్లాకే తెలిసింది.

నాలుగేళ్లకి అన్న దుబాయ్ నుంచి వస్తున్నాడు. మంచిర్యాల దాకా బస్సు, సికింద్రాబాద్‌కి రైలు, ఆపైన పుష్పక్ బస్సు... అర్ధరాత్రికి ఎయిర్‌పోర్టు చేరాం. 2008లో తెరిచిన అద్దాల మేడ! బయట రెయిలింగు పట్టుకుని జనం. అందరి చూపూ తెరమీదే.

"గా టీవీల అన్న పేరొస్తదారా?" అంది అమ్మ.

"పేరు రాదమ్మా, విమానం నంబరొస్తది."

"మరి పోరడు వచ్చింది ఎట్ల తెలుస్తది?"

జవాబు చెప్పలేకపోయాను. అన్న దుబాయ్ సిమ్ ఇక్కడ పలకదాయె!

ఇంతకీ ఆ తెరకి కబురెవరు చెబుతారు? విమాన కంపెనీ, ఆకాశంలో దారి చూపే కంట్రోల్ వాళ్లూ ఇచ్చే వేళలు ఎయిర్‌పోర్టు కంప్యూటర్‌కి చేరతాయి. అక్కడ ఒక్క అంకె మారితే చాలు, తెరలన్నిటిమీదా మారుతుంది. వెనకటి రోజుల్లో ఇటలీ సొలారీ కంపెనీ బోర్డులుండేవి - రేకులు టపటపా తిరిగి అక్షరాలు మారేవి. 2024 జూలై 19న ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా 85 లక్షల కంప్యూటర్లు మూలపడితే, ఢిల్లీలో వేళలు తెల్లబోర్డు మీద చేత్తో రాశారు. ఎంత మేడైనా చివరికి మన బస్టాండ్ పద్ధతే దిక్కు!

మా నంబరు పక్కన 2.40 కాస్తా 3.25 అయింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చివరికి 'ల్యాండెడ్' అని పడింది! రెయిలింగు దగ్గరికి ఒక్క ఉరుకు. అరగంట... గంట... అన్న రాడు. ఈలోగా తెరమీంచి మా నంబరే మాయం!

"కొట్టేసిండ్రా బిడ్డా?" అమ్మ గొంతు వణికింది.

కొట్టెయ్యలేదు. దిగిన విమానం కాసేపటికి జాబితాలోంచి పోతుంది. పాస్‌పోర్టు క్యూ, సామాన్ల బెల్టు, కస్టమ్స్ - ఇవి దాటాలి మనిషి. తెర విమానం సంగతి చెబుతుంది గాని, మనిషి సంగతి చెప్పదు.

తెల్లారుతుండగా ట్రాలీ తోసుకుంటూ చిక్కిపోయిన మనిషి ఒకడొచ్చి "అమ్మా" అన్నాడు. గుర్తుపట్టడానికి అమ్మకి ఒక్క క్షణం పట్టింది.

తెరమీద 'శుభం' పడ్డాక మా సినిమా అప్పుడు మొదలైంది!