ఎనిమిది అడుగులు

లంఘనాన్ని చూసేవారి దృష్టి పైకెగిరిన దేహం మీదనే నిలుస్తుంది. దానికి ముందు సాగిన పరుగును గమనించేవారు అరుదు. సముద్రాన్ని దాటబోయిన హనుమంతుడు సైతం ముందుగా మహేంద్రగిరిపై పాదాలు బిగించి నిలిచాడు. పోల్‌వాల్ట్ క్రీడాకారుని పరుగు వేగమే గడను వంచి, ఎత్తుగా మారుతుంది. అడుగుల లెక్క తప్పితే ఆ వేగమంతా వృథా. వంద మీటర్ల హర్డిల్స్ పందెం కూడా అటువంటిదే.

ఈ పందెంలో పరుగెత్తే యువతి పది హర్డిల్స్‌ను దాటాలి. ఒక్కొక్కదాని ఎత్తు 83.8 సెంటీమీటర్లు. మొదటిది 13 మీటర్ల దూరంలోను, తక్కినవి 8.5 మీటర్లకొకటి చొప్పునను ఉంటాయి. మొదటిదానిని చేరడానికి సాధారణంగా ఎనిమిది అడుగులు. ఆపైన రెండింటి నడుమ మూడే అడుగులు. వేగం పెరిగినకొద్దీ అడుగు సాగుతుంది. అడుగు సాగితే పాదం హర్డిల్‌కు మరీ చేరువవుతుంది. అప్పుడు ముందుకు దూసుకుపోవలసిన దేహం పైకి లేస్తుంది, వేగం హరించిపోతుంది. కనుక వేగం తగ్గకుండానే అడుగును కుదించి, చురుకుగా వేయడం నేర్వాలి. బలమున్నవారికి ఈ నిగ్రహం మరింత కష్టసాధ్యం.

విశాఖపట్నంలో 1999లో ఒక సామాన్య కుటుంబంలో జన్మించిన యర్రాజి జ్యోతి ఈ విద్యను అభ్యసించిన చోట్లలో గుంటూరు సమీపంలోని ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఒకటి. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరెలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలలో ఆమె 13.03 సెకన్లలో గమ్యం చేరింది. అప్పటి జాతీయ రికార్డు 2002లో అనూరాధా బిస్వాల్ నెలకొల్పిన 13.38 సెకన్లు. అయినా అక్కడ డోపింగ్ పరీక్ష జరగనందున ఆ పరుగుకు రికార్డుగా గుర్తింపు లభించలేదు. 2022 ఏప్రిల్‌లో కోళిక్కోడ్‌లో 13.09 సెకన్లలో పరుగెత్తింది. ఈసారి వెనుక నుంచి వీచిన గాలి వేగం సెకనుకు 2.1 మీటర్లు, నియమం అనుమతించేది 2 మీటర్లే. చేతికందిన ఫలం రెండుసార్లు జారిపోయింది. రెండింటిలోనూ ఆమె దోషం లేదు.

ఆమె మళ్ళీ మొదటి అడుగు నుంచే ప్రారంభించింది. 2022 మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 సెకన్లలో పందెం ముగించింది. వెనుకటి రెండు పరుగులకన్నా ఇది నెమ్మదైనదే. కానీ జాతీయ రికార్డుగా నమోదైనది ఇదే. ఆ అక్టోబరులోనే 12.82 సెకన్లతో, 13 సెకన్లలోపు ఈ పందెం ముగించిన తొలి భారతీయురాలిగా గుర్తింపు పొందింది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా స్వర్ణం గెలిచింది. 2024లో ప్యారిస్ ఒలింపిక్స్‌లో ఈ పందెంలో పరుగెత్తిన మొదటి భారతీయురాలైంది.

గుంటూరు, ప్రకాశం మైదానాల మిరప రైతుకు ఈ కథ కొత్త కాదు. యార్డుకు చేరిన ఎర్రని కాయను అందరూ చూస్తారు. నారు పోసి, నల్లరేగడిలో నాటి, తెగుళ్ళ నుంచి కాచుకున్న నెలలు అతనికే తెలుసు. ఒక్కొక్క ఏడు కల్లంలో ఆరబోసిన పంటను అకాలవర్షం తడిపివేస్తుంది. మరుసటి ఏడు అతడు మళ్ళీ నారు పోస్తాడు.

గాలి ఎవరి అధీనంలోనూ ఉండదు. ఆ ఎనిమిది అడుగులు మాత్రం పరుగెత్తేవారివే.