కోరుట్ల చలి

తెల్లవారి ఐదున్నర. కోరుట్లలో చిన్నమ్మ వాళ్ల వాకిట్లో కారు అద్దాల మీద మంచు నీళ్లై జారుతోంది. డిసెంబరు చలికి అమ్మ శాలువా కప్పుకొని వెనక సీట్లో కూర్చుంది, ఒళ్లో కొబ్బరికాయల సంచి. వేములవాడలో కోడె మొక్కు చెల్లించి, మధ్యాహ్నానికి సిరిసిల్లలో అక్క వాళ్లింటికి చేరాలి. తాళం తిప్పాను. ఇంజను ఒక్కసారి బరువుగా మూలిగింది. మళ్లీ తిప్పితే 'టక్' అన్న చప్పుడొక్కటే.

ముందురోజు పొద్దున జగిత్యాలలోనూ ఇదే బాధ. అక్కడొక దుకాణంలో మీటరైనా పెట్టి చూడకుండా బ్యాటరీ పోయిందన్నారు. కొత్తది వేయించాను. నక్షత్రం ఆకారంలో కట్టిన కోటను, చుట్టూ ఉన్న కందకాన్ని అమ్మకు చూపించి తిరిగొస్తే, ఎండలో ఉన్న బండి తాళం తిప్పగానే లేచింది. రోగం కుదిరిందనుకున్నాను. 63వ నంబరు జాతీయ రహదారి మీద పసుపు చేలు చూసుకుంటూ నిశ్చింతగా కోరుట్ల వచ్చేశాం.

చిన్నమ్మ కొడుకు పోయి, దుబాయి గ్యారేజీలో చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన మెకానిక్ మామను లేపుకొచ్చాడు. ఆయన బానెట్ ముట్టుకోలేదు.

"పెద్ద లైట్లు ఎయ్యి తమ్మీ. ఇప్పుడు సెల్ఫ్ కొట్టు."

కొట్టాను. ఎదురు గోడ మీద వెలుగు పెద్దగా తగ్గలేదు.

"సూసినవా? బ్యాటరీ డౌనైతే గోడ మీద లైటు మసకైతుండె. దాంట్ల కరెంటున్నది, సెల్ఫ్‌కే అందుతలేదు."

నేను హీటర్ ప్లగ్గుల మాట ఎత్తాను. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. నొక్కుకుపోయిన గాలి వేడికే డీజిల్ అంటుకోవాలి; చల్లటి ఇనుము ఆ వేడిని లాగేసుకుంటుంది కనుక ఆ ప్లగ్గులు ముందే లోపల వేడి పుట్టిస్తాయి. "అవి పోతే ఇంజన్ మంచిగనే తిరుగుతది, అంటుకోదు. నీది తిరుగుతనే లేదు కద," అన్నాడాయన.

మీటరు తీశాడు. బ్యాటరీ 12.6 వోల్టులు. ఒక తీగ బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకోటి ఇంజను ఇనుము మీద ఆనించి సెల్ఫ్ కొట్టమన్నాడు. అర వోల్టు కూడా దాటకూడని చోట ముల్లు రెండు దాటింది. దొంగ దొరికాడు: ఇంజనునూ బాడీనీ కలిపే ఎర్త్ పట్టీ. బోల్టు కింద చిలుం పట్టి ఉంది. లైట్ల ఎర్త్ నేరుగా బాడీకే, అందుకే వాటికి లోటు రాలేదు. సెల్ఫ్‌కు మాత్రం ఈ పట్టీయే దారి. 200 ఆంపియర్లు పారాల్సిన దారిలో ఓమ్‌లో నూరో వంతు అడ్డు చాలు, 2 వోల్టులు అక్కడే ఆవిరైపోతాయి. ఎండపూట ఆయిల్ పలచగా ఉంటే ఆ లోటుతోనే ఇంజను తిరిగింది. చలికి ఆయిల్ చిక్కబడేసరికి బలం చాలలేదు.

జంపర్ కేబుల్ ఒక్కటి తీసుకొని బ్యాటరీ నెగెటివ్ నుంచి నేరుగా ఇంజనుకు తగిలించాడు. తాళం తిప్పీ తిప్పకముందే బండి లేచింది. అమ్మ చేతులు జోడించింది. నాకు మాత్రం మార్పిడిలో ఇచ్చేసిన పాత బ్యాటరీ గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. మామ బండి ఆపించి, పట్టీ విప్పి, బోల్టు కింద ఇనుము తళతళలాడేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన గ్రీజు పూశాడు. అరగంట పని. చిన్నమ్మ చాయ్ తెచ్చేలోపు అయిపోయింది.

కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ చేరి మొక్కు తీర్చుకున్నాం. సిరిసిల్లలో ఆ రాత్రంతా సాంచాల (మరమగ్గాల) చప్పుడు. నిద్ర పట్టక వింటూ పడుకున్నాను. అలవాటైన చెవికి ఏ సాంచా గతి తప్పిందో గోడ ఇవతలినుంచే తెలిసిపోతుందని బావ చెప్పాడు.

మరునాడు ఐదున్నరకు మళ్లీ అదే చలి. ముందు పెద్ద లైట్లు వేసి, గోడను చూస్తూ తాళం తిప్పాను. సెల్ఫ్ అందుకుంది, గోడ మీద వెలుగు ఒక్క క్షణం వంగి మళ్లీ నిలబడింది. "ఇగ పోదాం పా," అంది అమ్మ.