తిరువయ్యారులో విన్న వరాళి

తంజావూరినుండి తిరువయ్యారు ఉత్తరదిశగా పండ్రెండు కిలోమీటర్లకు అటునిటుగా నుండును. దూరము స్వల్పమే గాని, ఆ కొంచెము దారిలో బస్సు ఎన్ని వంతెనలు దాటునో లెక్కించుట నాకొక వేడుక. వడవారు, వెణ్ణారు, వెట్టారు, కుడమురుట్టి, తుదకు కావేరి. ఈ అయిదు నదులను బట్టియే ఆ యూరికా పేరు వచ్చినది. మనవారు పంచనదక్షేత్ర మందురు. పుష్యమాసములో దారి కిరువైపుల పండిన వరిచేలును, అరటితోటలును కన్నులకు చల్లగా నుండును. కోనసీమ నెరిగినవారికి క్రొత్త తోపదు. పుట్టింటికి పోవుచున్నట్లే యుండును.

తెలుగుపాట అంత దక్షిణమున ఎట్లు పెరిగినదని యడుగు సోదరీమణులుందురు. తంజావూరును నాయకరాజులు, వారి పిమ్మట మహారాష్ట్ర ప్రభువులు ఏలిన కాలమున ఆ కొలువులో సంగీతసాహిత్యములకు తెలుగు మన్నన పొందిన భాష. త్యాగరాజస్వామివారు (1767–1847) ఆ సీమలోని తెలుగు కుటుంబమువారు. తిరువయ్యారులోనే జీవితము గడపిరి. తిరుమంజనవీధిలో వారు నివసించిన పాతయిల్లు ఇప్పుడు లేదు. ఆ తావున క్రొత్త కట్టడమున్నది. పాత అరుగైనను మిగిల్చియుండిన బాగుండెడిదని నాకు తోచును.

సమాధి కావేరి యొడ్డున నున్నది. అక్కడ అడుగిడిన స్త్రీలు మొదట తలంపవలసినది బెంగుళూరు నాగరత్నమ్మగారిని. పాడుబడియున్న ఆ తావునకై తాను పాడి కూడబెట్టిన ధనమును వెచ్చించి ఆమె కట్టించిన గుడి 1925లో ప్రతిష్ఠింపబడెను. చిత్రమేమనగా, గుడి కట్టించిన యామెకే ఉత్సవములో పాడు నధికారము లేకపోయెను! ఆరాధన జరుపు సభలవారు ఆ దినములలో ఆడువారిని పాడనిచ్చెడివారు కారు. ఆమె వాదములతో సరిపుచ్చుకొనక, 1927లో సమాధి వెనుకప్రక్కన స్త్రీలను చేర్చి వేరుగా పాడించెను. 1940 ప్రాంతమున పక్షములన్నియు నొక్కటైనవి. 1952లో ఆమె దివంగతురాలయ్యెను. ఆమె విగ్రహము నేడును స్వామి సన్నిధి కెదురుగా నున్నది.

పుష్యబహుళ పంచమినాటి యుదయమున పందిరిలో గాయకులు ఎదురెదురుగా బారులుతీరి కూర్చుందురు. మొదట పిల్లనగ్రోవులపై భైరవిరాగములో ‘చేతులార శృంగారము’ వినవచ్చును. పిదప పంచరత్నములు: నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. నాటలోనిది సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. ఒక్కొక్క చరణమును ముందు స్వరముగా పాడి, వెంటనే సాహిత్యముగా పాడుదురు. వందలకొలది కంఠములు ఒక్క తాళములో నడువవలెను గావున అందరును ఒకే పాఠమును పట్టుకొందురు. ఎవరి సొంత సంగతులును అక్కడ చెల్లవు.

ఈ అయిదింటిలో వరాళికీర్తనయగు ‘కనకన రుచిరా’ తక్కినవానికన్న అరుదుగా వినబడును. వరాళిని గురువు ఎదుట కూర్చుండబెట్టుకొని శిష్యునకు నేర్పరాదనియు, నేర్పినచో వారికి ఎడబాటు కలుగుననియు సంగీతజ్ఞులలో ఒక నమ్మకము కలదు. ఈ నమ్మకమును నేను మన్నించుటయు లేదు, తోసివేయుటయు లేదు. కాని దానివలన ఆ కృతి చెవినుండి చెవికే నడచినదనుట నిజము. ఆ రాగములో మధ్యమము పంచమమును తాకుచున్నదా యన్నంత ఎత్తుగా పలుకవలెను. చూపి నేర్పుటకది లొంగదు. విని పట్టవలసినదే.

మా గురువమ్మగారును అంతే. తక్కిన నాలుగును చక్కగా నేర్పి, వరాళి దగ్గరకు రాగానే, “ఆ యొక్కటి నన్నడుగకుడమ్మా, ఎక్కడనైన వినుకొనుడు” అనిరి. నాతోకూడ నేర్చుకొనుచుండిన చెలి యొకతె యుండెడిది. నాకన్న మూడేండ్లు చిన్నది. నన్ను అక్కా యని పిలిచెడిది. విజయవాడలో మా యిండ్లకు నడుమ ఒక్క గోడ మాత్రమే. ఆమె మూడు సంవత్సరములు వరుసగా తిరువయ్యారు వచ్చి, పందిరిలో వెనుకవరుసను కూర్చుండి, ఆ కీర్తనను చెవులతోనే మోసికొని వచ్చినది. నాకు నేర్పినదా? లేదు. తెల్లవారుజామున పొయ్యిముందు కాఫీ కాచుచు తనలో తాను పాడుకొనెడిది. గోడ కీవల నేను అంట్లు సర్దుకొనుచు వినెడిదానను. నడుమ నాపి, “అక్కా, చేతిలో గిన్నె చప్పుడు కానీయకు” అని కేకవేసెడిది. ఆ విధమున ఒక సంవత్సరమునకు కీర్తన నాదైనది. ధ్రువుడు పినతల్లి మాటలకు నొచ్చి హరిని ధ్యానించుట యున్నదే, ఆ చరణములో మధ్యమముపై ఆమె ఒక్క క్షణము నిలిచి దిగెడిది. పాఠములో అది లేదు. ఎందుకట్లు నిలుతువని యడిగిన, “పసివాడు కదా, వాడు కన్నులు తుడుచుకొనవలదా?” అనెడిది.

రెండేండ్ల క్రిందట జ్వరముతో పడకపట్టి పదునొకండు దినములలో వెళ్లిపోయినది. ఆ పిమ్మట గోడ కావల మాట లేదు, పాట లేదు. నేను శ్రీరాగము పాడితిని, గౌళ పాడితిని, వరాళిజోలికి పోలేదు.

కడచిన ఆరాధనకు ఒంటరిగా పోయితిని. నాట, గౌళ, ఆరభి అందరితో పాడితిని. వరాళి యెత్తుకొనగానే గొంతు లేచునో లేదో యని భయపడితిని, లేచినది. అయిన ఆ చరణము వచ్చునప్పటికి వందల గొంతులును నిలువక సాగిపోయినవి. నేనొక్కతెను ఆ మధ్యమముమీద చిక్కుకొంటిని. కంటికి కొంగు పెట్టుకొని, తరువాతి స్వరములో వారిని కలిసికొంటిని. ప్రక్కనున్న అరవ వృద్ధురాలు నా చేయి పట్టుకొని, ఏమియు అడుగక, తాళము మాత్రము నా యరచేతిలో వేయుచుండెను.

తిరిగివచ్చునపుడు అశోకహల్వా కొంటిని. ఉడికిన పెసరపప్పును నెయ్యి, చక్కెరలతో కలియబెట్టి చేయుదురు. ఆ యూరి పేరుతోడనే అది ప్రసిద్ధము. చెలి ప్రతి యేడును దానిని కూతురి కొరకు తెచ్చెడిది. ఆ పిల్లకు సంగీతము పట్టుబడలేదని తల్లికొక దిగులుండెడిది. మరునాడు ఉదయము నేను వంటయింట పని చేసికొనుచు వరాళి కూనిరాగము తీయుచుండగా ఆమె వచ్చినది. పొట్లము ముందు పెట్టితిని. విప్పలేదు. గడపమీద కూర్చుండి, “ఆపకు పెద్దమ్మా. అమ్మ నిలిచెడి చోటు ఇంకను రాలేదు” అన్నది.