ఉమ్మడి గాదె, విడివిడి పద్దులు

సమానంగా పంచినంత మాత్రాన పంపకం సరిగా ఉన్నట్లు కాదు. ఈ సంగతి మన గ్రంథాలయంలోని కంప్యూటరు వద్ద చక్కగా తెలిసివచ్చింది. ఆ యంత్రం కొన్ననాడు దానిలో ఒక టెరాబైటు హార్డ్ డిస్కు ఒకటి ఉండేది. అమర్చిపోయినవారు దానిని సరిగ్గా నడుమకు విభజించి, ఒక సగం ఉర్దూ శాఖకు, రెండవ సగం తెలుగు శాఖకు కేటాయించి వెళ్ళారు. రెండు భాషల కళాశాల, రెండు సమభాగాలు! చూచేవారికి ఇంతకంటె ముచ్చటైన ఏర్పాటు కనిపించదు. పాత వార్షిక సంచికలను, జీర్ణిస్తున్న పుస్తకాలను పుటపుటా స్కాన్ చేసి భద్రపరిచే పని మొదలైన రెండవ సంవత్సరానికే ఉర్దూ భాగం నిండిపోయి, ఇక ఒక్క పుట కూడా పట్టదని మొరాయించింది. ప్రక్కనే తెలుగు భాగంలో ముప్పాతిక వంతు ఖాళీగా పడి ఉన్నది.

ఇది ఉర్దూవారి దుబారా ఎంతమాత్రం కాదు. మన ఉర్దూ పాత సంచికలన్నీ కాతిబులు కలంతో వ్రాయగా అచ్చయినవి. నస్తాలీఖు లిపిని యంత్రం మీద తృప్తికరంగా కూర్చడం 1981లో నూరీ నస్తాలీఖు వచ్చేదాకా సాధ్యపడలేదు. ఆ తరువాత కూడా చిన్న పత్రికలు చాలాకాలం చేతివ్రాత మీదనే నడిచాయి. ఆ పుటలను కేవలం నలుపు తెలుపులలో స్కాన్ చేస్తే వెలిసిపోయిన సిరా చోట సన్నని చుక్కలు ఎగిరిపోతాయి. ఉర్దూలో చుక్క పోతే అక్షరమే మారిపోతుంది. కాబట్టి వాటిని పూర్తి వర్ణాలలో తీయవలసిందే. సీసపు అచ్చులతో ముద్రించిన తెలుగు పుటకు నలుపు తెలుపులు చాలును.

ఈ తేడా ఎంతటిదో లెక్క కట్టి చూడవచ్చు. ఏ-ఫోర్ కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే సుమారు 87 లక్షల చుక్కలు వస్తాయి. వర్ణచిత్రంలో చుక్కకు మూడు బైట్లు. అనగా, కుదించకుండా ఉంచితే, పుటకు 26 మెగాబైట్లు. నలుపు తెలుపులలో అదే పుట దాదాపు ఒక్క మెగాబైటు. ఒకటికి ఇరవైనాలుగు రెట్లు! (1983లో వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీ యంత్రంలోని హార్డ్ డిస్కు మొత్తం 10 మెగాబైట్లు. మన కాతిబుగారి ఒక్క పుట కూడా దానిలో పట్టేది కాదు.)

తెలుగు భాగంలో ఖాళీగా ఉన్న చోటును ఉర్దూకు ఇచ్చివేస్తే సరిపోతుంది గదా అన్న ప్రతిపాదన సహజంగానే వచ్చింది. దానిమీద మన తెలుగు పండితులు ఒక్క ప్రశ్న వేశారు. “ఈ ఏడు ఇస్తాము, సంతోషమే. వచ్చే ఏడు మా తాళపత్రాలు వచ్చినప్పుడు ఆ చోటు తిరిగి వస్తుందా?” ఆ ప్రశ్నలో పిసినితనం లేదు. అది ఒకసారి కోసిన డిస్కు స్వభావం తెలిసిన ప్రశ్న.

డిస్కును భాగాలు చేయడమంటే పొలంలో గట్లు వేయడమే. పార్టిషన్ అనబడే ప్రతి భాగమూ ఒక చోట మొదలై, ఎడతెగకుండా సాగి, మరొక చోట ముగియవలెను. మీ మడి పెరగాలంటే ప్రక్కమడి గట్టు త్రవ్వవలసిందే. ఆ మడిలో పైరు ఉంటే ముందు దానిని తీసి వేరొకచోట నాటుకోవలెను. ఇంతకూ ఖాళీ ఉన్న మడి మీ ప్రక్కనే కాక నాలుగు మళ్ళ అవతల ఉంటే ఏమి చేయగలరు? మరొక డిస్కు కొని తగిలించినా అది వేరే ఊరి పొలమే అవుతుంది గాని మీ మడికి ఒక్క సెంటు కలిసిరాదు.

ఈ చిక్కుకు విరుగుడుగా ఏర్పడినదే లాజికల్ వాల్యూమ్ పద్ధతి. దీనిని ‘తార్కిక సంపుట’మని తెనిగించవచ్చును గాని, ఆ మాట వింటే మన విద్యార్థులకు తర్కశాస్త్ర గ్రంథం గుర్తుకు వస్తుంది. అందుచేత ఇంగ్లీషు పేరే ఉంచుతాను. ఐబీఎంవారి ఏఐఎక్స్‌లోను, హెచ్‌పీవారి యూనిక్స్‌లోను ముందుగా స్థిరపడిన ఈ పద్ధతిని 1998లో హైన్జ్ మావెల్స్‌హాగెన్ అనే ప్రోగ్రామరు లినక్స్ కొరకు వ్రాశారు. లినక్స్ ఉచితం గనుక మనవంటి చిన్న కళాశాలకు కూడా అది అందుబాటులోకి వచ్చింది.

ఇందులో గట్లు నేలమీద ఉండవు, దస్త్రంలో ఉంటాయి. కోనసీమ రైతుకు ఒక ఊళ్ళో ఎకరం, మరొక ఊళ్ళో అరెకరం, ఏటిగట్టు క్రింద ఇంకొంత ఉండవచ్చు. నేల ముక్కలు ముక్కలుగా ఉన్నా, ఆయన లెక్కలో అంతా ఒకే ఆస్తి. ఈ పద్ధతిలో ప్రతి డిస్కునూ ముందుగా ‘ఫిజికల్ వాల్యూమ్’గా నమోదు చేస్తారు. అట్టి డిస్కులన్నిటినీ చేర్చి ఒక ‘వాల్యూమ్ గ్రూప్’ చేస్తారు. ఇదే ఉమ్మడి గాదె. గాదెలోని చోటంతా ‘ఎక్స్‌టెంట్లు’ అనే సమానమైన కొలతలుగా లెక్కకు వస్తుంది. మనం వేరుగా చెప్పకపోతే ఒక్కొక్క కొలత 4 మెగాబైట్లు. ఒక టెరాబైటు డిస్కులో ఇటువంటివి సుమారు 2,38,000 ఉంటాయి. ఆ గాదె నుండి కావలసినన్ని కుంచాలు కొలిచి, ఒక పేరు పెట్టి ఇచ్చినదే ‘లాజికల్ వాల్యూమ్’. దాని కొలతలు ఒకే డిస్కులో ఉండనక్కరలేదు, వరుసగా ఉండనక్కరలేదు. ఏ కొలత ఎక్కడ ఉన్నదో చెప్పే దస్త్రాన్ని మామూలుగా ప్రతి డిస్కు మొదట్లోనూ ఒక ప్రతి వ్రాసి ఉంచుతుంది ఈ పద్ధతి. 1984లో కరణీకాలు రద్దయ్యేదాకా ఊరి లెక్కలు ఒక్క కరణంగారి ఇంట ఉండేవి. ఇక్కడ ప్రతి పొలమూ ఊరి లెక్క మొత్తాన్ని తన దగ్గర పెట్టుకొన్నదన్నమాట.

ఇంకను స్పష్టంగా కావాలంటే ధవళేశ్వరం దాకా వెళ్ళి చూడండి. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభించి 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట నిజానికి ఒక్క కట్టడం కాదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని పాయపాయకూ ఒకటిగా నాలుగు కట్టలు. నాలుగూ కలిసి నిలిపిన నీరు మాత్రం ఒక్కటే. దాని నుండి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు మూడు వైపుల కాలువలు. పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజి వచ్చినా ఏర్పాటు అదే. మధ్య డెల్టాలో చేను తడుపుకొనే రైతు తన నీరు ఏ కట్ట ఆపినదని అడగడు. తలుపు ఎంత ఎత్తారన్నదే ఆయనకు ముఖ్యం. మన కంప్యూటరులోని ఫైళ్ళ సంగతీ అంతే.

మన గ్రంథాలయంలో ఈ మార్పు చేసిన విధం కొద్దిగా చెబుతాను. కొత్తగా రెండు టెరాబైట్ల డిస్కు ఒకటి తగిలించి, ముందు దాని మీదనే గాదె ఏర్పరచి, ‘గౌతమి’ అని పేరు పెట్టాము. ఉర్దూ, తెలుగు అనే రెండు వాల్యూములు అందులో కొలిచి, పాత డిస్కులోని సమాచారమంతా రాత్రంతా కాపీ చేసి, ప్రతి ఫైలునూ మూలంతో సరిపోల్చుకొన్నాము. ఆ తరువాతనే పాత డిస్కును తుడిచి గాదెలో కలిపాము. ఈ వరుస తప్పకూడదు, ఎందుకంటే నిండుగా ఉన్న పార్టిషన్‌ను ఫిజికల్ వాల్యూముగా నమోదు చేయడమంటే దానిలోని సరుకును పోగొట్టుకోవడమే. మొత్తం చోటు కంప్యూటరు లెక్కలో దాదాపు 2,790 గిగాబైట్లు. ఉర్దూకు 900, తెలుగుకు 600, కార్యాలయానికి 100 ఇచ్చాము. మిగిలినది ఎవరికీ ఇవ్వలేదు.

ఎవరికీ ఇవ్వని ఆ భాగమే ఈ ఏర్పాటుకు ప్రాణం. గత వేసవిలో తెలుగు శాఖవారు పాత బుర్రకథల టేపులు తెచ్చినప్పుడు గాదె నుండి మరొక 200 గిగాబైట్లు వారికి కలిపాము. ఒక్క ఆదేశంతో వాల్యూము పెరిగింది, మరొక దానితో లోపలి ఫైల్ సిస్టమ్ పెరిగింది. ఆ సమయంలో ఒక విద్యార్థిని అదే వాల్యూములోని పుస్తకం చదువుకొంటూ కూర్చుని ఉన్నది. ఆమెకు ఏమీ తెలియలేదు. పండితులు మాత్రం వచ్చి, “మరి ఉర్దూవారి చోటు తగ్గలేదు గదా?” అని అడిగి వెళ్ళారు.

పెంచడం ఇంత సుళువు గనుక తగ్గించడమూ అంతేననుకోవద్దు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ పెరుగుతుందే గాని మామూలుగా తరగదు. ఈఎక్స్‌టీ-ఫోర్‌ను తగ్గించవచ్చును గాని, ముందు దానిని వాడుక నుండి తప్పించాలి, మొదట ఫైల్ సిస్టమ్‌ను కుదించాలి, ఆ తరువాతనే వాల్యూమును కుదించాలి. వరుస తారుమారైతే సామాను లోపల ఉండగానే గోడ కూల్చినట్లవుతుంది. అందుకనే మొదట కొద్దిగా ఇచ్చి, అవసరాన్ని బట్టి పెంచుకొంటూ పోవడం మేలని నా అభిప్రాయం.

‘థిన్ ప్రొవిజనింగ్’ అని మరొక సదుపాయం ఉన్నది. గాదెలో ఉన్నదానికంటె ఎక్కువ చోటును కాగితం మీద అందరికీ ఇవ్వవచ్చు. నిజంగా వాడినప్పుడే కొలతలు ఖర్చవుతాయి. పెద్ద సంస్థలకు ఇది ఉపయోగమే. నాకు మాత్రం శివారు ఆయకట్టు గుర్తుకు వస్తుంది. ఆయకట్టు లెక్కలో తన భూమి ఉన్నది, కాలువ కూడా ఉన్నది, నీరు మాత్రం ఎగువనే అయిపోతుంది. గాదె నిండిన రోజున వ్రాత ఆగిపోతుంది. నిత్యం కనిపెట్టి చూచే మనిషి లేని చోట ఈ పద్ధతి వద్దు. మన వద్ద ఆ మనిషి వారానికి మూడు రోజులే వస్తాడు.

‘స్నాప్‌షాట్’ ఇంతకంటె ముద్దొచ్చే వస్తువు. ఒక క్షణంలో వాల్యూము ఎట్లా ఉన్నదో అట్లా నిలిపి చూపుతుంది. మూలంలో ఏదైనా మారబోతే, పాతదాని ప్రతిని ప్రక్కకు తీసి ఉంచుతుంది. కాపీ తీసుకొనే గంటసేపు అడుగున సమాచారం కదలకుండా ఉండడానికి ఇది ఎంతో ఉపకరిస్తుంది. కాని దానికి కేటాయించిన చోటు నిండితే స్నాప్‌షాట్ చెల్లకుండా పోతుంది. మూలం ఉన్న డిస్కు పోతే అదీ పోతుంది.

ఇక కమిటీ పెద్దలకు విన్నవించుకోవలసిన మాట. వెలుపల ఉంచుకొనే డిస్కులు రెండు కొనవలెనని కోరినప్పుడు, “ఇంకా దాదాపు వెయ్యి గిగాబైట్లు ఖాళీగా ఉన్నవని మీరే అంటున్నారు, మరల డిస్కులెందుకు?” అన్న సందేహం వచ్చింది. పైపైన చూస్తే న్యాయమైన సందేహమే. కాని ఖాళీ చోటు వేరు, రెండవ ప్రతి వేరు. ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పవలెను. డిస్కులను కలపడం వల్ల సౌకర్యం పెరుగుతుంది, అపాయమూ పెరుగుతుంది. ఒక వాల్యూము రెండు డిస్కుల మీద పరచుకొని ఉన్నప్పుడు ఆ రెండింటిలో ఏది చెడినా ఆ వాల్యూము చెడుతుంది. వృద్ధాప్యం వచ్చిన డిస్కు ముందుగా మూలిగితే దానిలోని కొలతలను, వాడుక ఆపకుండానే, మరొక డిస్కుకు తరలించవచ్చు. ఇది ఈ పద్ధతిలోని గొప్ప సుగుణం. అయితే మూలగకుండా ఆగిపోయే డిస్కులూ ఉంటాయి. రెండు డిస్కుల మీద ఒకే సమాచారాన్ని జంటగా వ్రాయించవచ్చును గదా అంటే, వ్రాయించవచ్చు. డిస్కు చెడిపోవడం నుండి అది కాపాడుతుంది. ఎవరైనా పొరపాటున ఒక సంపుటి మొత్తం చెరిపివేస్తే, ఆ చెరపడాన్ని కూడా జంటగానే చేస్తుంది.

రెండవ ప్రతి మరొక చోట ఉండవలెనన్న మాట గోదావరి వాసులకు నేను చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టు వరదలో ఇంటి పత్రాలు మెరక మీది బంధువుల ఇంట ఉంచుకొన్నవారికి, అటక మీద పెట్టుకొన్నవారికి ఉన్న తేడా ఈ జిల్లాల్లో పెద్దలందరికీ తెలుసు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కథ కూడా ఇటువంటిదే. 2000 తరువాతి సంవత్సరాలలో వేలాది తెలుగు, ఉర్దూ పుస్తకాలు ఆ పథకం క్రింద స్కాన్ అయినవి. కాటూరులో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకొన్న రాజ్ రెడ్డిగారు ఆ ప్రయత్నానికి మూలపురుషులలో ఒకరు. తరువాత ఆ పథకం జాలస్థలం మూతపడింది. అయినా ఆ పుస్తకాలను మనం ఈనాటికీ చదువుకొనగలుగుతున్నాము. వాటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి ఉండడమే కారణం.

కావలసినవి రెండే డిస్కులు. ఒక శనివారం ఒకటి, మరుసటి శనివారం రెండవది కంప్యూటరుకు తగిలించి ప్రతి తీస్తాము. పనిలో లేనిది కళాశాల ఆవరణలో కాక, కమిటీ సభ్యులలో ఎవరి ఇంటనైనా మేడమీద ఉంటే చాలును.

మన వార్షిక సంచికలలో 1979, 1983 సంవత్సరాలవి ఇంతవరకు దొరకలేదు. 1979 సంచికలో ఉర్దూ భాగానికి ముఖపత్రం వ్రాసిన కాతిబుగారు ఇప్పుడు లేరు. ఆయన చేతివ్రాత ఆ సంచికలో తప్ప మరెక్కడా మిగలలేదని ఉర్దూ ఆచార్యులు అంటున్నారు. పూర్వవిద్యార్థుల ఇళ్ళలో ఏ ట్రంకుపెట్టెలోనైనా అవి ఉంటే ఒక్క వారం ఎరువిప్పించండి. అట్ట చినిగినా, చెదలు తిన్నా ఫరవాలేదు. రెండూ వర్ణాలలోనే స్కాన్ చేస్తాము. వాటికి చోటు ఉన్నది.