మణికట్టునొద్ద మూడు వ్రేళ్లు

వేవిళ్లు మనలో నెవ్వరికిని క్రొత్తవి గావు. మూడవ మాసమున మా యింటికి వచ్చిన నా చెల్లెలిని వనపర్తి నుండి గద్వాలకు తోడ్కొని పోవుచుంటిని. బస్సు పెబ్బేరు చేరకమునుపే దానికి మూడుమారులు వాంతి యయ్యెను, తలనొప్పియు తోడయ్యెను. ప్రక్కనున్న యొక అవ్వ, నాగర్‌కర్నూలులోని తన కోడలు ఆక్యుపంక్చరు నేర్చినదని చెప్పి, చెల్లెలి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనున్న కండను నొక్కబోయెను. నేను వారించితిని.

చిన్ననాట నాన్నగారి యొద్ద సుశ్రుతుని శారీరస్థానము చదివితిని. దేహమున మర్మములు 107; అందు కాలుసేతులలోనివి 44. ఆమె పట్టిన తావు క్షిప్రమర్మము. అది గాయపడిన ఈడ్పులు పుట్టి మరణము కలుగునని సుశ్రుతుడు చెప్పెను. ఈ మాటయే యంటిని.

“నీ పుస్తకము పొడిచినవానిని గూర్చి చెప్పినది. నేను పొడుచుచున్నానా, బిడ్డా?” అని అవ్వ నవ్వెను. నాకు జవాబు తోచలేదు.

వారించుట మంచిదే యయ్యెను గాని నే జెప్పిన కారణము సరికాదని పిమ్మట తెలిసికొంటిని. చీనా వైద్యులు ఆ తావును హెగు అందురు. తలనొప్పికి, పంటినొప్పికి వాడుదురు. అయితే అది నొప్పులను రేపునేమో యని గర్భవతులకు వారే పూర్వమునుండి నిషేధించిరి. రుజువు బలమైనది కాకున్నను, మన మేల పరీక్షింపవలెను?

అవ్వ అలుగలేదు, మణికట్టునకు మారెను. అరచేయి పైకి త్రిప్పి, మణికట్టు ముడుత మొదలుకొని మోచేతి వైపు చెల్లెలి వ్రేళ్లనే మూడింటిని అడ్డముగా నుంచెను. అవి ముగిసిన చోట, పిడికిలి బిగించిన త్రాళ్లవలె లేచు రెండు నరముల నడుమ బొటనవ్రేలితో మెల్లగా నొక్కెను. దీని పేరు నెయిగువాన్, అనగా లోపలి ద్వారము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో స్థానములు నిర్ణయించి ప్రకటించిన 361 బిందువులలో ఈ రెండును గలవు. శస్త్రచికిత్స పిమ్మటి వాంతులకు నెయిగువాన్ మేలు చేయునని పెక్కు పరీక్షలు తెలిపినవి. వేవిళ్ల విషయమున ఫలితము లొక్కతీరుగ లేవు. నొక్కుటకు సూది యక్కరలేదు, వెలయు లేదు.

గ్రుక్కెడు నీరైనను కడుపున నిలువక, మూత్రము తగ్గి, కన్నులు తిరుగుచున్నచో మాత్రము ఏ బిందువును వెదుకక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

బీచుపల్లి వంతెనపై కృష్ణను దాటునపుడు చెల్లెలు కన్నులు మూసి నిద్రించుచుండెను. నొక్కుటవలననో, నదిగాలివలననో చెప్పజాలను. ఎర్రవల్లిలో అవ్వ దిగిపోయెను. ఆమె ఊరైనను అడుగనైతిని.