గ్యాస్ బిళ్ళ చాటు క్రిమి

గుంటూరులో కడుపు మండితే మొదటి తిట్టు మిరపకాయకే. తీరా పుండు పడిందని తేలితే, చాలాసార్లు అసలు కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. దాన్నెలా పట్టుకుంటారో చూద్దామని కొత్తపేటలో ఒక పాథాలజీ ల్యాబుకు వెళ్ళాను. మెట్లెక్కుతుండగానే ఫార్మలిన్ ఘాటుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

టెక్నీషియన్ ఒక సీసా ఎత్తి వెలుతురుకు పట్టాడు. అడుగున బియ్యపు నూకల్లాంటి ముక్కలు. సిడ్నీ పద్ధతి ప్రకారం ఎండోస్కోపీలో అయిదు ముక్కలు తీయాలి: జీర్ణాశయం కింది భాగంలో రెండు, పై భాగంలో రెండు, మలుపు దగ్గర ఒకటి. ఈ క్రిమి అన్నిచోట్లా ఒకేలా పరుచుకుని ఉండదు మరి. "అందరూ అయిదు పంపరు సార్. ఒక్క ముక్క పంపి, ఉందో లేదో తేల్చమంటారు" అన్నాడు.

ముక్కలో నీరంతా ఆల్కహాలుతో లాగేసి, జైలీన్‌లో ముంచి, మైనం పోసి బ్లాక్ కడతారు. ఆ బ్లాక్‌ను మైక్రోటోమ్‌కు బిగించి అతను చక్రం తిప్పుతుంటే, మూడు నాలుగు మైక్రాన్ల మందం పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బన్‌లా వచ్చాయి. దాన్ని బ్రష్షు కొనతో ఎత్తి గోరువెచ్చని నీళ్ళ మీద వదిలాడు. ముడతలు వాటంతటవే విచ్చుకున్నాయి. కిందినుంచి గాజు స్లైడు పెట్టి పైకి తీశాడు. ఫ్యాను ఎందుకు ఆపేసి ఉందో నాకప్పుడు అర్థమైంది.

ప్రతి ముక్కకూ ముందు వేసేది హెమటాక్సిలిన్, ఇయోసిన్ జంట రంగులే. కణాల కేంద్రకాలు నీలంగా, మిగతాదంతా గులాబీగా కనిపిస్తుంది. వాపు ఉందా, ఎంత ఉందో చెప్పడానికి ఇంతకు మించింది లేదు. కానీ జిగురు పొరలో నక్కిన క్రిమి కూడా ఆ గులాబీలోనే కలిసిపోతుంది. అందుకే రెండో స్లైడుకు గీమ్సా. హాంబర్గ్‌లో గుస్తావ్ గీమ్సా మలేరియా పరాన్నజీవిని చూడటానికి తయారుచేసిన రంగు ఇది. ఖర్చు తక్కువ, పనీ తేలిక. ల్యాబులో స్లైడ్లు చూసే డాక్టరు గారు మైక్రోస్కోపు నాకిచ్చి, "గ్రంథుల నోళ్ళ దగ్గర వెతకండి" అన్నారు. లేత నీలం మీద ముదురు నీలం పుల్లలు, ఒంపు తిరిగి, గుంపులుగా. పొడవు మూడు మైక్రాన్లకు అటూఇటూ.

పెర్త్‌లో రాబిన్ వారెన్ 1979లో వీటిని గమనించినప్పుడు వాటిని స్పష్టంగా చూపించింది వార్థిన్-స్టారీ వెండి రంగు. పసుపు నేల మీద క్రిములు నల్లగా తేలతాయి. తర్వాత బ్యారీ మార్షల్ తోడయ్యాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అంత చరిత్ర ఉన్న వెండి ఈ ల్యాబులో వాడుకలో లేదు. "గాజుసామాను ఏమాత్రం మురికిగా ఉన్నా స్లైడంతా నల్ల మచ్చలే. ఏది క్రిమో ఏది మచ్చో!" అన్నారు డాక్టరు గారు. ఇంకో దారి ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. అందులో యాంటీబాడీ పోయి క్రిమికే అంటుకుంటుంది, గోధుమ రంగులో బయటపడుతుంది. మందులకు గుండ్రంగా మారిపోయిన క్రిమిని కూడా వదలదు. ఖరీదు ఎక్కువ కాబట్టి, వాపు ఉండీ గీమ్సాలో ఏమీ దొరకనప్పుడే దాని జోలికి వెళతారు. నాకది సబబుగానే తోచింది.

అసలు తంటా రంగులది కాదు, గ్యాస్ బిళ్ళది. పాంటోప్రజోల్ లాంటి మందులు ఆమ్లాన్ని తగ్గించగానే క్రిముల సంఖ్య పడిపోతుంది. ఉన్నవి కింది భాగం వదిలి పైకి జరుగుతాయి. అప్పుడు కింది ముక్క ఒక్కటే చూస్తే, ఎంత మంచి రంగు వేసినా రిపోర్టులో 'లేదు' అనే వస్తుంది. బల్ల మీదున్న రిక్వెస్టు ఫారాలు తిరగేశాను. వాడుతున్న మందులు రాయాల్సిన చోట చాలావాటిలో ఖాళీయే.

మనవాళ్ళు గ్యాస్ బిళ్ళను మందుగా లెక్కపెట్టరు, అడిగినా చెప్పరు. ఎండోస్కోపీ రాసినప్పుడు ఆ బిళ్ళ సంగతి, ఈమధ్య మింగిన యాంటీబయాటిక్స్ సంగతి డాక్టరుకు చెప్పండి. మామూలుగా మొదటిదాన్ని రెండు వారాల ముందు, రెండోదాన్ని నాలుగు వారాల ముందు ఆపిస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపకండి. రక్తస్రావమైన పుండు ఉన్నవాళ్ళకు ఆ బిళ్ళ ఆపకూడదు కూడా.